మొదటి సత్రంలో మన హాలు తాళం పిల్లలకిద్దాం

ఈసారి కొంచెం పొడవుగానే రాస్తున్నాం. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి కిందికి జరిపేయకండి. చదివి, ఒప్పుకుంటే ఒప్పుకున్నామని రాయండి, లేకపోతే ఎందుకు కాదో రాయండి.

జూన్ మధ్యలో బడులు తెరిచారు. అప్పటినుంచి మన గ్రూపులో ఒకటే చర్చ. హైస్కూలుకు సంఘం తరఫున పెద్ద స్మార్ట్ బోర్డు ఇద్దాం, కింద దాతల పేర్లు రాయిద్దాం, ఆగస్టు 15న జెండా ఎగరేశాక అప్పగిద్దాం అని. ఆలోచన మంచిదే. కానీ రిటైరైనవాళ్లం, సాంచాలు నడిపేవాళ్లం, బీడీల కార్ఖానాకు పోయే అక్కలం కొందరం కూర్చుని మాట్లాడుకుంటే వేరే మాట తేలింది. బోర్డు బడిలో ఉంటుంది. సాయంత్రం బడికి తాళం పడుతుంది. ఆ తర్వాత మన పిల్లలు ఎక్కడ కూర్చుంటారు?

కుమఠా నాకా చుట్టుపక్కల గల్లీల్లో రాత్రి ఏడు గంటలకు ఒకసారి నడిచి చూడండి. ముందు గదిలో టవళ్ల సాంచాలు ఆడుతుంటాయి. వెనక గదిలో వంట, ఆ పక్కనే బీడీ చాట, తునికాకు కట్టలు, గోడకు ఆనుకుని మంచం మీద తాత. సాంచాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది. మనకు అలవాటైపోయి వినపడదు, అది వేరే సంగతి. (ఆ అలవాటుకే డాక్టర్లు చెవుడు అని పేరు పెట్టారు.) ఆ గోడకు ఇవతల కూర్చుని తొమ్మిదో తరగతి పిల్ల బీజగణితం చేయాలి. తల్లి ఆ రోజు లెక్క పూర్తి కాకపోతే పిల్ల చేతిలోకి కత్తెర వస్తుంది. ఇంట్లో స్మార్ట్ ఫోను ఒకటే, అది నాన్న జేబులో ఉంటుంది. నాన్న షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది, లేదా పిల్ల నిద్రపోయి ఉంటుంది.

2020 మార్చిలో బడులు మూసినప్పుడు ఇదంతా అందరం కళ్లారా చూశాం. ముగ్గురు పిల్లలు, ఒక ఫోను. పెద్దవాడి క్లాసు నడిస్తే చిన్నదాని క్లాసు పోయేది. 2021లో పదో తరగతి బోర్డు పరీక్షే రద్దయింది. బడులు మళ్లీ తెరిచాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

డిజిటల్ చదువు ఎలా ఉండాలో చూడటానికి హైదరాబాద్, పూనా పోనక్కరలేదు. మన జిల్లాలోనే మాఢా తాలూకా పరితేవాడి జిల్లా పరిషత్ బడి మాస్టారు రంజిత్‌సింహ్ దిసలేకు 2020లో గ్లోబల్ టీచర్ బహుమతి వచ్చింది. పది లక్షల డాలర్లు. అందులో సగం తనతోపాటు చివరి వరకు నిలిచిన తొమ్మిది మంది టీచర్లకు పంచేశారు. ఈ పంపకం సంగతి అందరికీ గుర్తే. ఆయన చేసిన పని మాత్రం తక్కువమంది చెప్పుకుంటారు. పుస్తకంలో ఉన్న భాష పిల్లల ఇంటి భాష కాదని ఆయన గమనించారు. పాఠాలను ఇంటి భాషలోకి మార్చి, పుస్తకానికి క్యూఆర్ కోడ్లు తగిలించారు. ఫోను చూపిస్తే పాఠం పలుకుతుంది. ఆ తర్వాత రాష్ట్రం మొత్తం పాఠ్యపుస్తకాల్లోకి ఆ చదరపు బొమ్మలు వచ్చాయి. మీ ఇంట్లో పిల్లల పుస్తకం తెరవండి, కనపడుతుంది.

ఆయన మొదట చూసింది పిల్ల ఇంటిని. యంత్రం సంగతి ఆ తర్వాత.

పాఠాలకు ఇప్పుడు కొదవ లేదు. కేంద్రం 2017లో పెట్టిన దీక్ష యాప్ ఉచితం. బాలభారతి పుస్తకాలు పీడీఎఫ్‌లో ఊరికే దిగుతాయి. మరి మన పిల్లలకు తక్కువైందేమిటి? ఒక బల్ల, ఒక దీపం, చప్పుడు లేని రెండు గంటలు, తెగిపోని నెట్. రైల్వేలో పనిచేసినవాళ్లం మాకు ఇది బాగా తెలుసు. బీహారులో ససారాం జంక్షన్ ఉంది. అక్కడ సాయంత్రమైతే వందలమంది కుర్రాళ్లు ప్లాట్‌ఫారం మీద కూర్చుని పోటీ పరీక్షలకు చదువుకునేవారు. వాళ్లు బండి ఎక్కడానికి వచ్చేవారు కాదు. ఊళ్లలో కరెంటు ఉండేది కాదు, స్టేషన్లో ఉండేది, అంతే. అలా మొదలై అదే పద్ధతైపోయింది. కేరళలో ఎర్నాకుళం జంక్షన్లో ఒక కూలీ స్టేషన్ వైఫైతో, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, సామాన్లు మోస్తూనే పాఠాలు విని 2018లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాత పరీక్ష పాసయ్యాడు. రైల్వే వాళ్లెవరూ అక్కడ బడి పెట్టలేదు. దీపం వేసి ఉంచారు, కూర్చోనిచ్చారు.

మన దగ్గర హాలు ఉంది కదా.

మరాఠీలో బడి టర్మును సత్ర అంటారు. మన తెలుగులో సత్రం అంటే తలదాచుకునే చోటు. మొదటి సత్రానికి మన హాలును సత్రంగా ఇవ్వమని అడుగుతున్నాం. హాలు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో తెలుసుకోవడానికి బుకింగ్ పుస్తకం అక్కరలేదు, పంచాంగం చాలు. పండరికి వారకరీలు చేరే ఆషాఢ ఏకాదశి నుంచి కార్తీక ఏకాదశి దాకా చాతుర్మాసం. ఆ నాలుగు నెలలు ఇక్కడి మరాఠీవాళ్లు లగ్నాలు పెట్టుకోరు. మనవాళ్లకు శ్రావణంలో ముహూర్తాలు ఉన్నా ఆషాఢం, భాద్రపదం శూన్యమాసాలే. బడి మొదటి సత్రం జూన్ మధ్య నుంచి దీపావళి సెలవుల దాకా. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. హాలుకు కిరాయి రాని నెలల్లోనే పిల్లలకు చోటు కావాలి. శ్రావణంలో బుకింగ్ ఉన్న రోజు పిల్లలకు సెలవు. ఎవరి పెళ్లీ ఆపమనడం లేదు.

ఖజాంచి అన్న అడిగే ప్రశ్న న్యాయమైనదే: కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, వాచ్‌మన్‌కు ఎక్కువ గంటల జీతం ఎవరివ్వాలి? బోర్డు కోసం పోగుచేస్తున్న డబ్బులోంచే ఇవ్వాలని మా మాట. బోర్డు మీద పేరు పడుతుంది, కరెంటు బిల్లు మీద పడదు. ఇబ్బందంతా అక్కడే ఉందని మాకూ తెలుసు. కావాలంటే బల్లల మీద దాతల పేర్లు రాయిద్దాం. ఒక రౌటర్, ఎనిమిది బల్లలు, పాతవైనా నడిచే రెండు కంప్యూటర్లు చాలు మొదలుపెట్టడానికి.

ఫోన్లు వస్తే రీల్సూ వస్తాయని ఇంకొందరు అంటున్నారు. నిజమే, వస్తాయి. అందుకని మొదటి అరగంట రౌటర్ వేద్దాం, ఆ రోజు కావలసిన పాఠాలు దించుకోనిద్దాం. ఆ తర్వాత ఆపేద్దాం. దించుకున్న పాఠానికి డేటా అక్కరలేదు, రాత్రి ఇంటికి పోయాక కూడా నడుస్తుంది. రిజిస్టరు పని మా గుమాస్తాలకు వదిలేయండి. వచ్చిన టైము, పోయిన టైము, సంతకం. ముప్పై ఏళ్లకు పైగా చేసిన పని అదే.

ఇక ఆటలు. మన గ్రూపులో ఆట అంటే క్రికెట్టే, అదీ రాత్రి దీపాల కింద పెద్దవాళ్లు ఆడేది, ట్రోఫీ మనిషంత ఎత్తుది. దాన్ని వద్దనం. పిల్లల బడి పోటీల సంగతి వేరు. వాన మొదలయ్యాక తాలూకా స్థాయి, ఆ తర్వాత జిల్లా స్థాయి అని వరసగా వస్తాయి. పై స్థాయిలో ఆడినవాళ్లకు పదో తరగతిలో అదనపు మార్కులు కూడా ఉన్నాయి. ఖోఖోకు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు మైదానం, రెండు స్తంభాలు ఉంటే చాలు, ఒక బంతి కూడా కొననక్కరలేదు. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచ కప్ జరిగింది. మన ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ ఫైనల్లో నేపాల్ మీదే గెలిచారు. మగవాళ్ల జట్టులో మన జిల్లా వేళాపూర్ కుర్రాడు రామ్‌జీ కశ్యప్ ఉన్నాడు, ఆంధ్రా నుంచి శివారెడ్డి ఉన్నాడు. ఇద్దరిలో ఒకడు మన జిల్లా, ఒకడు మన భాష! మన పేటల్లో ఎంతమంది పిల్లలకు ఆ పేర్లు చెప్పాం?

హాలు ముందు ఆవరణలో 27 మీటర్లు దొరకవు. ఆడపిల్లల కబడ్డీకి 12 మీటర్లు, 8 మీటర్లు చాలు. కార్లు పెట్టే చోట మట్టి పోయిస్తే అయిపోతుంది. ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా ఎందుకు ఎత్తుతున్నామంటే, ఎనిమిదో తరగతి దాటితే సాయంత్రం ఆట ఆగిపోయేది వాళ్లకే. బడి మైదానంలో చీకటి పడేదాకా ఆడి ఒంటరిగా ఇంటికి రావాలంటే తల్లి ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడంలో తప్పు లేదు. పైగా ఇంట్లో వెయ్యి బీడీల లెక్క ఎదురుచూస్తూ ఉంటుంది. హాలు అయితే తెలిసిన చోటు, తెలిసిన మనుషులు. రోజుకు ఇద్దరు అక్కలు కూర్చుంటామని మాలో ఆడవాళ్లు ఇప్పటికే మాట ఇచ్చారు. చాట కూడా వెంట తెచ్చుకుంటామన్నారు. తెచ్చుకోనివ్వండి, హాలు పాలిష్ బండలకు ఏమీ కాదు. ఈ మధ్య ఇళ్లు వచ్చి కుంభారి వైపు రాయ్‌నగర్‌కు పోయిన కుటుంబాల పిల్లలకు ఇంత దూరం వచ్చి పోవడం కష్టమే. వాళ్లకు అక్కడే ఒక చోటు చూడాలి. అది ఇంకోసారి.

సంస్కృతి అనే ముక్క దగ్గర మాలో మాకే గొడవైంది. ఈ సత్రంలో పండుగలన్నీ వరసగా ఉంటాయి. ఆషాఢంలో బడి పిల్లల దిండీ, నారళీ పున్నమికి మార్కండేయ రథం, వినాయక చవితికి లేజిం, దసరా ముందు బతుకమ్మ. ఇవి నడుస్తూనే ఉంటాయి, సంఘం చెప్పనక్కరలేదు. గొడవ తెలుగు గురించి. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదువుతారు. తెలుగు అక్షరం రాదు. హాలులో రోజూ గంట తెలుగు క్లాసు పెట్టాలి, ఓనమాలు దిద్దించాలి అని కొందరన్నారు. మేము వద్దన్నాం. పరీక్షల భయంలో ఉన్న పిల్లకు ఇంకో క్లాసు పెడితే రెండో వారం నుంచి రాదు.

మేమన్నది ఇది. ఇంట్లో నానమ్మకు, అమ్మమ్మకు బతుకమ్మ పాటలు నోటికి వచ్చు. కరీంనగర్ నుంచి, పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి వాళ్ల పెద్దలు నడిచి వచ్చినప్పుడు వెంట తెచ్చినవి. ఒక్కో ఇంట్లో ఒక్కో తీరు పాడతారు. వాటిని ఫోనులో రికార్డు చేయమందాం. పాటలో తెలియని మాట వస్తే నానమ్మనే అడగమందాం. విని, రాసుకుని, దసరాకు హాలులో పాడమందాం. డిజిటల్, సంస్కృతి అని రెండు వేర్వేరు కమిటీలు ఎందుకు?

రాసుకోవడం ఏ అక్షరాల్లో అని అడిగారు. మరాఠీ అక్షరాల్లో రాసుకోనివ్వండి. మాలో అరవ బడిలో చదివినవాళ్లం చిన్నప్పుడు తెలుగు పాటలు అరవ అక్షరాల్లోనే రాసుకున్నాం. అరవంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. అమ్మ చెప్పిన గడప కాగితం మీద కడప అయ్యేది. పాట మాత్రం పోలేదు. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక, ఉద్యోగంలో తిరిగేటప్పుడు స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కున్నాం. ఇప్పుడు ఈ ఉత్తరం ఆ అక్షరాల్లోనే రాస్తున్నాం. దేవనాగరిలో క వేరు, గ వేరు. మా కంటే మన పిల్లలకు పని సులువే. మరాఠీ మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈ ఊళ్లో అన్నం పెట్టేది ఆ భాషే, అందులో బాగా చదవాలి. నానమ్మ పాటలకు మాత్రం ఆగే తీరిక లేదు. ప్రతి ఏడాదీ కొన్ని ఆమెతోపాటే పోతున్నాయి.

చివరగా ఒక మాట పెద్దలకు. స్మార్ట్ బోర్డు ఇవ్వాలని అందరూ నిశ్చయిస్తే మేము అడ్డుపడం, మా వంతు చందా కూడా ఇస్తాం. కానీ ముందు బడి హెడ్మాస్టరు గారిని కలిసి, ఉన్న బోర్డులు ఎన్ని, నడుస్తున్నవి ఎన్ని, ఏమి తక్కువైంది అని అడుగుదాం. ఇచ్చేవాళ్లం మనమని ఏమి కావాలో కూడా మనమే చెప్పేస్తున్నాం.

వచ్చే కమిటీ మీటింగులో ఈ విషయం పెట్టమని సెక్రటరీ అన్నకు చిట్టీ ఇచ్చాం. సోమవారం నుంచి శనివారం దాకా, సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది. ఆడపిల్లలను ఎనిమిదిన్నరకే ఇళ్లకు దింపుతాం. రోజుకు ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు డ్యూటీ. ఇప్పటికి పదకొండు మంది పేర్లిచ్చారు. ఇంకొంతమంది కావాలి, ముఖ్యంగా శనివారాలకు. లెక్కలు, సైన్సు చెప్పగలిగిన కాలేజీ పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్ల పేర్లు కూడా రాయండి. తాళం ఒకటే ఉంది, అది వాచ్‌మన్ దగ్గర ఉండాలా మా దగ్గర ఉండాలా అన్నది మీటింగులో తేల్చండి. మేమైతే రెండో తాళం చెవి చేయించమంటాం.