ఆత్రేయపురానికి బ్యాక్‌లింకులు కొనాల్సిన ఖర్మేంటి?

ఇంట్లో ఫోన్ల గురించి తెలిసిన కుర్రాడు ఒకడుంటే చాలు, వెబ్‌సైట్ల గురించి కూడా వాడికే తెలుసని చుట్టాలందరూ డిసైడ్ అయిపోతారు. ఈ సైట్ చదివే మీలో చాలామందికి ఇది అనుభవమే. "ఏరా, మన షాపు వెబ్‌సైట్ గూగుల్‌లో ఎక్కడా కనపడట్లేదు, కాస్త చూసిపెట్టరా" అని బాబాయో, అత్తయ్యో అడుగుతారు. సరిగ్గా అదే టైమ్‌లో షాపు వాట్సాప్‌కి ఎవరో ముక్కూమొహం తెలియని వాడి మెసేజ్ వస్తుంది. కొన్ని వేలు కడితే వెయ్యి బ్యాక్‌లింకులు ఇస్తాం, నెలలో మొదటి పేజీ గ్యారంటీ అని.

ఆ మెసేజ్ పంపినవాడికి డబ్బులు వేయొద్దని చెప్పడానికే ఈ ఆర్టికల్. ఉదాహరణగా ఆత్రేయపురాన్ని తీసుకుంటున్నాను. ఎందుకంటే ఆఫ్ పేజ్ ఎస్ఈవో అనే మాట పుట్టకముందే ఆ పనిని బ్రహ్మాండంగా చేసేసిన ఊరు అది. చేసిన పనికి దక్కాల్సిన ఫలితాన్ని ఆన్‌లైన్‌లో వేరేవాళ్ళకి వదిలేసుకునే ప్రమాదం ఉన్న ఊరు కూడా అదే.

కొత్తగా వింటున్నవాళ్ళ కోసం ఒక్క ముక్క. ఫోన్ కంపెనీ తన సైట్‌లో స్పెసిఫికేషన్ల షీటు పెడుతుంది కదా, అది ఆన్ పేజ్. కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్, బ్యాటరీ ఎంత, అన్నీ వాళ్ళ గురించి వాళ్ళే రాసుకుంటారు. అదే ఫోన్ గురించి బయట రివ్యూయర్లు చెప్పేది, మీ క్లాస్‌మేట్ వాడి చెప్పేది ఆఫ్ పేజ్. మనం ఫోన్ కొనేది ఏది నమ్మి? గూగుల్ లాజిక్ కూడా అక్కడే మొదలైంది. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో బయటపెట్టిన పేజ్‌ర్యాంక్ ఐడియా ఇంతే: ఒక పేజీ ఇంకో పేజీకి లింక్ ఇచ్చిందంటే దాని తరఫున సాక్ష్యం చెప్పినట్టు. సాక్షి ఎంత పెద్దమనిషైతే ఆ సాక్ష్యానికి అంత బరువు. ఆ తర్వాత ర్యాంకింగ్‌లో ఇంకా బోలెడు లెక్కలు వచ్చి కలిశాయి, లింకులే సర్వస్వం అనే రోజులు పోయాయి. కానీ బయటివాళ్ళ మాటకి విలువ మాత్రం పోలేదు.

ఇప్పుడు ఊరి సంగతికి వద్దాం. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా వెళ్తే ఆత్రేయపురం. బియ్యాన్ని నానబెట్టి, పాలలా జారేంత పల్చగా రుబ్బి, ఆ పిండిలో గుడ్డ ముంచి, మంట మీద బోర్లించిన కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తే రేకు వస్తుంది. కాగితం కంటే పల్చగా ఉంటుంది. దాంట్లో నెయ్యి, బెల్లం లేదా పంచదార పొడి వేసి మడతపెడితే పూతరేకు. ఆ రేకు తీసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, ఇళ్ళల్లో, పొయ్యి దగ్గర కూర్చుని తీస్తారు. (రుచి గురించి రాయాలని ఉంది కానీ ఇది గ్యాడ్జెట్ సైట్, ఎడిటర్ ఊరుకోడు.)

ఈ ఊరికి ఉన్న సాక్షుల్ని లెక్కపెట్టండి. ఏ గోదావరి పెళ్ళిలో పూతరేకు వడ్డించినా ఊరి పేరు తోడు వస్తుంది. అమెరికా వెళ్ళేవాళ్ళ సూట్‌కేసుల్లో ఆవకాయ పక్కన ఒక డబ్బా ఉంటుంది. 2017లో వచ్చిన శతమానం భవతి సినిమా కథ ఈ ఊళ్ళోనే నడుస్తుంది. ఇవన్నీ ఒక ఎత్తు, 2023లో వచ్చిన భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, ఒక ఎత్తు. సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకున్న అక్కడి పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం అప్లై చేసింది, విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం సాయం చేసింది. ఇంతకంటే పెద్ద సాక్షులు ఏ స్టార్టప్‌కి దొరుకుతారు చెప్పండి? కోట్లు పోసి బ్రాండింగ్ చేసినా ఈ స్థాయి రాదు.

సమస్యల్లా, ఇవన్నీ ఊరికి చెప్పిన సాక్ష్యాలు. ఊళ్ళో ఏ ఒక్క షాపు అడ్రస్‌కీ అవి వెళ్ళవు. టెక్నికల్‌గా చెప్పాలంటే మెన్షన్లు బోలెడు, లింకులు కావు. జనం మనసులో "ఆత్రేయపురం" అని ఉంది, సెర్చ్ బాక్స్‌లో అదే టైప్ చేస్తారు. ఆ పేరుని తన పేజీ టైటిల్‌లో పెట్టుకుని, నాలుగు లింకులు గట్టిగా సంపాదించినవాడు ఎక్కడున్నా ఆ సెర్చ్ వాడి ఖాతాలో పడుతుంది. ఒకసారి మీరే మీ ఫోన్లో వెతికి, మొదటి పేజీలో నిజంగా ఆత్రేయపురం అడ్రస్‌తో ఉన్న షాపులు ఎన్నో లెక్కపెట్టండి. మీ ఊరిని బట్టి, మీ ఫోన్‌ని బట్టి రిజల్ట్ మారుతుంది కాబట్టి నా లెక్క ఇక్కడ రాయట్లేదు.

బయట అమ్మేవాళ్ళందరూ దొంగలని నేను అనట్లేదు. ఆత్రేయపురం నుంచే రేకులు తెప్పించుకుని అమ్మేవాళ్ళు ఉన్నారు. కానీ ఆర్డర్ నేరుగా ఊరికి వస్తే మధ్యలో పోయే మార్జిన్ ఊళ్ళో మిగులుతుంది. అది పొయ్యి దగ్గర రేకు తీసే మనిషి దాకా వెళ్తుందా లేదా అన్నది షాపు ఓనర్ మనసుని బట్టి ఉంటుంది, ఎస్ఈవో ఆ సంగతి తేల్చలేదు. కానీ ఊరికే రాని డబ్బు గురించి పంచే మాటే ఉండదు కదా.

మరి ఈ ఖాళీని వెయ్యి బ్యాక్‌లింకుల ప్యాకేజీతో నింపెయ్యొచ్చు కదా అంటారా? ఆ ప్యాకేజీలో మీకు వచ్చేది ఏంటో తెలుసా? ఎవరూ చదవని బ్లాగులు, ఏ దేశంలోవో తెలియని డైరెక్టరీలు, ఒకే రోజు పుట్టిన వంద సైట్లు. పెళ్ళికి సాక్షి సంతకం పెట్టమంటే బస్టాండ్‌లో దొరికిన వాళ్ళని వెయ్యిమందిని తెచ్చినట్టు.

2011లో అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద రిటైల్ కంపెనీ ఇలాగే సెర్చ్‌లలో టాప్‌లో వెలిగిపోయింది. బట్టలకీ, ఫర్నిచర్‌కీ సంబంధం లేని వందల సైట్ల నుంచి దానికి వేల లింకులు ఉన్నాయని న్యూయార్క్ టైమ్స్ తవ్వి తీసింది. గూగుల్ చర్య తీసుకున్నాక ఒక లగేజ్ బ్యాగ్ సెర్చ్‌లో మొదటి స్థానం నుంచి గంటల వ్యవధిలో 71వ స్థానానికి పడిపోయింది. అంత కంపెనీ కాబట్టి తట్టుకుంది. అత్తయ్య స్వీట్ షాపు తట్టుకోగలదా? 2012 ఏప్రిల్‌లో వచ్చిన పెంగ్విన్ అప్‌డేట్‌తో ఇలాంటి సైట్లు మూకుమ్మడిగా కిందకి పోయాయి. 2016 నుంచి పద్ధతి కొంచెం మారింది. చెత్త లింకుల్ని గూగుల్ చాలావరకు లెక్కలోకే తీసుకోదు. అంటే శిక్ష పడకపోయినా డబ్బు గోదాట్లో కలిసినట్టే. ప్యాకేజీ అమ్మేవాడు మాత్రం రంగురంగుల ఎక్సెల్ షీట్ పంపించి, చూడండి వెయ్యి లింకులు కట్టేశాం అంటాడు. ఆ షీట్‌లో అంకె పెరుగుతుంది, షాపులో ఫోన్ మోగదు.

పక్కనే తాపేశ్వరం ఉంది, అక్కడి కథ చూడండి. కాజాకి పేరుపడ్డ ఊరు. అక్కడి సురుచి ఫుడ్స్ వాళ్ళు 2016 వినాయక చవితికి 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్ రికార్డు ఎక్కారు. వాళ్ళు అది ఎస్ఈవో కోసం చేశారని నేను అనను, వాళ్ళ మనసులో భక్తే ఉండొచ్చు. కానీ జరిగిందేంటి? పేపర్లు, టీవీలు, అందరూ ఊరి పేరుతో పాటు షాపు పేరు కూడా రాశారు. అడిగి రాయించుకున్నది కాదు, రాయక తప్పని విషయం కాబట్టి రాశారు. దీన్నే ఎస్ఈవో వాళ్ళు లింక్ సంపాదించడం అంటారు. ఆత్రేయపురంలో టన్నుల పూతరేకు చుట్టమని నా ఉద్దేశం కాదు, రేకు విరిగిపోతుంది. ఎవరైనా రాయాలనుకున్నప్పుడు ఊరితో పాటు రాయడానికి ఒక పేరు, పంపడానికి ఒక అడ్రస్ దొరకాలి.

ఇది మీ చేతిలో ఉన్న పని. ముందు అడగాల్సింది, షాపు నుంచి రేకులు ఎవరు తీసుకెళ్తున్నారని. హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు స్వీట్ షాపులు, కేటరింగ్ వాళ్ళు హోల్‌సేల్‌గా కొంటుంటే, వాళ్ళ సైట్‌లో "మా పూతరేకులు ఆత్రేయపురం నుంచి" అన్న లైన్ ఉండే ఉంటుంది. ఆ లైన్‌కి షాపు పేరుతో ఒక లింక్ పెట్టమనండి. వాళ్ళకీ లాభమే, సరుకు నిజమైనదని చూపించుకున్నట్టు. నా లెక్కలో ఇలాంటి లింక్ ఒక్కటి ఉంటే ఆ వెయ్యి అక్కర్లేదు. సంఘానికి ఒక మంచి పేజీ ఉండి, అందులో సభ్యుల షాపులన్నీ లింకులతో ఉంటే ఇంకా మేలు. జీఐ గురించి రాసే ప్రతి విలేకరికీ, ప్రతి స్టూడెంట్ ప్రాజెక్ట్‌కీ ఆ పేజీ అడ్రస్ ఇవ్వొచ్చు. షాపుల మధ్య పోటీ ఉంటుంది, నిజమే. కానీ వీళ్ళు పోటీ పడాల్సింది పక్క వీధి షాపుతో కాదు.

గోదావరి ట్రిప్ వ్లాగులు తీసేవాళ్ళు వస్తూనే ఉంటారు. వీడియో డిస్క్రిప్షన్‌లో షాపు లింక్ పెట్టమని అడగడానికి మొహమాటం ఎందుకు? యూట్యూబ్ లింకులకి నోఫాలో ట్యాగ్ ఉంటుంది, ర్యాంకింగ్‌కి పనికిరావు అని కొందరు తేలిగ్గా తీసిపడేస్తారు. ర్యాంక్ సంగతి తర్వాత, వీడియో చూసి నోరూరినవాడు నేరుగా సైట్‌కి వస్తాడుగా! మనకి కావాల్సింది విజిటర్. ఒకవేళ డబ్బులిచ్చి చేయించే ప్రమోషన్ అయితే వెబ్ పేజీల్లో లింక్‌కి స్పాన్సర్డ్ అని ట్యాగ్ పెట్టించండి, 2019 నుంచి గూగుల్ దానికోసం ప్రత్యేకంగా ఒక ట్యాగ్ ఇచ్చింది. పెయిడ్ అన్‌బాక్సింగ్‌ని దాచిపెట్టే యూట్యూబర్‌ని మనం ఎన్ని తిట్లు తిడతామో తెలుసు కదా, అదే పని మనం చేయకూడదు.

స్పెల్లింగ్ గొడవ ఒకటుంది, చాలామంది పట్టించుకోరు. పూతరేకులుని ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒకడు రెండు ఓలు పెడతాడు, ఒకడు యూ పెడతాడు, ఒకడు టీ పక్కన హెచ్ చేరుస్తాడు, ఒకడు వదిలేస్తాడు. సైట్ లోపల అన్ని రకాలూ వాడండి, పర్లేదు. కానీ షాపు పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ మాత్రం బయట అన్నిచోట్లా అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. పైగా 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆత్రేయపురం కోనసీమ జిల్లాలోకి వెళ్ళింది. పాత లిస్టింగుల్లో తూర్పు గోదావరి అనే ఉండిపోతే మార్చండి.

ఇక మ్యాప్స్. దగ్గరలో ఉన్నవాటిని చూపించేటప్పుడు గూగుల్ మూడు చూస్తానని చెబుతుంది: వెతికినదానికి సరిపోతుందా, ఎంత దూరం, ఎంత పేరుంది. రావులపాలెం వైపు నుంచి కారులో వెళ్ళేవాడికి ఆత్రేయపురం షాపు దొరకాలంటే రివ్యూలు పనిచేస్తాయి. హైదరాబాద్‌లో కూర్చుని "దగ్గరలో పూతరేకులు" అని వెతికేవాడికి మాత్రం దూరం అడ్డొస్తుంది, ఎన్ని స్టార్లు ఉన్నా లాభం లేదు. వాడిని పట్టాలంటే మళ్ళీ పైన చెప్పిన లింకులే దిక్కు. రివ్యూలు కూడా కొనొద్దు. "ఐదు స్టార్లు ఇస్తే ఒక రేకు ఫ్రీ" అని బోర్డు పెట్టడం గూగుల్ రూల్స్‌కి విరుద్ధం. మన దేశంలో కూడా ఆన్‌లైన్ రివ్యూల కోసం 2022 నవంబర్‌లో ఐఎస్ 19000 అనే స్టాండర్డ్ వచ్చింది. డబ్బా లోపల ఒక చిన్న కార్డు పెట్టి, "ఎలా ఉన్నాయో రాయండి" అని క్యూఆర్ కోడ్ ఇస్తే చాలు. బాగోలేదని రాసినా రాయనివ్వండి. అన్నీ ఐదు స్టార్లే ఉన్న ఫోన్‌ని మనం కొంటామా?

ఇంకొక్కటి, ఇది కొంచెం ఇంటి విషయం. డొమైన్ ఎవరి పేరు మీద ఉందో ముందు చూడండి. ఎక్కువసార్లు అది సైట్ కట్టిన ఏజెన్సీ పేరు మీదో, ఉద్యోగానికి పుణె వెళ్ళిపోయిన మేనల్లుడి ఈమెయిల్ మీదో ఉంటుంది. రెన్యువల్ మెయిల్ ఎవరూ చూడరు, డొమైన్ పోతుంది. ఏళ్ళ తరబడి సంపాదించిన లింకులన్నీ అప్పుడు ఆ అడ్రస్ కొనుక్కున్న ఇంకొకడికి వెళ్తాయి. గడువు దాటిన డొమైన్లని పట్టుకుని వాటి పాత పరపతి మీద బతికేవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, 2024 మార్చిలో గూగుల్ దానికోసం స్పామ్ రూల్స్‌లో ప్రత్యేకంగా ఒకటి చేర్చాల్సి వచ్చింది. కాబట్టి లింకుల కోసం ఒక్క ఫోన్ చేసే ముందే డొమైన్‌ని షాపు పేరుకి మార్పించండి. ఓటీపీ మీ ఫోన్‌కి కాదు, అత్తయ్య ఫోన్‌కే రావాలి.