బ్యాటరీని చంపేది ఎండ, నింద మోసేది రైతు

ఏటా ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వదలగానే కృష్ణా డెల్టాలో దమ్ముల హడావుడి మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే ఊరూరా ట్రాక్టర్ల బ్యాటరీలు మొరాయిస్తాయి. తాళం తిప్పితే సెల్ఫ్ తిరగదు. దుకాణానికి తీసుకెళ్తే "మీరు నీళ్లు చూసుకోలేదు, సరిగా వాడలేదు, గ్యారంటీ వర్తించదు" అంటారు. వేలకు వేలు పోసి కొత్తది తెచ్చుకుంటాం. రెండు మూడేళ్లకు మళ్లీ అదే కథ. ఇది మన తలరాత కాదు. మన ఎండకు ఏ బ్యాటరీ నిలుస్తుందో అమ్మేవాళ్లు చెప్పడం లేదు, మనం గట్టిగా అడగడం లేదు. నష్టం మాత్రం మనదే.

ముందు అసలు సంగతి తెలుసుకుందాం. బ్యాటరీలో ఉండేవి సీసం ప్లేట్లు, నీళ్లు కలిపిన గంధకామ్లం. వేడి పెరిగేకొద్దీ ప్లేట్లు తొందరగా తుప్పు పడతాయి, నీళ్లు తగ్గిపోతాయి, వాడకుండా ఉంచినా ఛార్జింగ్ దానంతట అదే దిగిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందనేది బ్యాటరీ పరిశ్రమే ఒప్పుకునే లెక్క. బ్యాటరీ సామర్థ్యాన్ని కొలిచేది 25, 27 డిగ్రీల దగ్గర. మన దగ్గర మే నెలలో 42, 44 డిగ్రీలు మామూలు. విజయవాడను జనం బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. ఇంజన్ పక్కన ఉండే వేడి ఇంకా ఎక్కువ.

దీనికి తోడు, దాళ్వా, మినుము పనులు అయిపోయాక చాలా ట్రాక్టర్లకు పని ఉండదు. వేసవంతా రేకుల షెడ్డు కిందో, చెట్టు కిందో ఆగి ఉంటాయి. ఛార్జింగ్ దిగిన బ్యాటరీ అలాగే ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పట్టదు. అంటే బ్యాటరీ పోయింది రోహిణి కార్తెలో. మనకు తెలిసింది దమ్ము రోజున.

లారీ వాళ్ల బాధ కూడా ఇదే. నున్న మార్కెట్ నుంచి మామిడికాయ ఎత్తేది నడివేసవిలో. కైకలూరు నుంచి చేపల లారీ హౌరా దాకా పోవాలి. దారిలో బండి ఆగితే సరుకు కుళ్లుతుంది, ధర తెగుతుంది. రొయ్యల చెరువు గట్టు మీద జనరేటర్ సంగతి మరీ ఘోరం. రాత్రిపూట కరెంటు పోయినప్పుడు బ్యాటరీ పలకకపోతే ఏరియేటర్లు తిరగవు. కొన్ని గంటల్లోనే పంటంతా తేలిపోతుంది. బ్యాటరీ చిన్న సామానే, దాన్ని నమ్ముకున్న పెట్టుబడి లక్షల్లో ఉంటుంది.

చలి దేశాల కొలత మనకెందుకు?

దుకాణంలో సీసీఏ అనే అంకె చూపించి ఇది పవర్‌ఫుల్ అంటారు. సీసీఏ అంటే కోల్డ్ క్రాంకింగ్ యాంప్స్. సున్నాకు కింద 18 డిగ్రీల చలిలో ఇంజన్ తిప్పే శక్తికి అది కొలత. కృష్ణా జిల్లాలో అంత చలి ఎవరు చూశారు? పైగా అదే సైజు డబ్బాలో ఆ అంకె పెంచాలంటే పల్చటి ప్లేట్లు ఎక్కువగా పేర్చాలి. పల్చటి ప్లేటు వేడికి ముందు పోతుంది. మనకు కావలసింది మందపాటి ప్లేట్లు, ప్లేట్ల పైన ఎక్కువ యాసిడ్ నిలిచే డబ్బా, కుదుపులకు ఓర్చుకునే కట్టు. ట్రాక్టర్ తయారీదారు చెప్పిన ఆంపియర్ అవర్లకు తగ్గకుండా, ఈ మూడూ అడిగి కొనాలి.

"మెయింటెనెన్స్ ఫ్రీ" అన్న మాట విని మోసపోవద్దు. అందులో నీళ్లు తగ్గడం నెమ్మదే, కానీ మూత లేనిదైతే తగ్గిన నీళ్లు మళ్లీ పోయలేం. నెలకోసారి చూసే మనిషి ఉంటే మూతలున్న బ్యాటరీయే మన ఎండకు మేలు. చూసే దిక్కు లేకపోతేనే సీలు వేసినది తీసుకోండి.

తయారైన నెల తప్పకుండా చూడండి. ఎండలో నెలల తరబడి గోడౌన్‌లో పడి ఉన్న బ్యాటరీ మన చేతికి రాకముందే సగం ముసలిదవుతుంది. లారీకి రెండు బ్యాటరీలు ఉంటే రెండూ ఒకేసారి, ఒకే రకం, ఒకే నాటివి మార్చండి. పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది.

డిస్టిల్డ్ వాటర్ తప్ప బోరు నీళ్లు, కాలువ నీళ్లు పోయవద్దు. తగ్గింది కదా అని యాసిడ్ అసలే పోయవద్దు. ఇంజన్ నడుస్తున్నప్పుడు 12 వోల్టుల బండిలో మీటరు 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. వేసవిలో అంతకు మించి చూపుతూ ఉంటే నీళ్లు తొందరగా తగ్గిపోతాయి, రెగ్యులేటర్ చూపించుకోవాలి. ట్రాక్టర్ ఆపి ఉంచే రోజుల్లో నెగెటివ్ తీగ తీసి పెట్టి, నెలకోసారి ఛార్జింగ్ పెట్టించండి.

గ్యారంటీ కార్డు గారడీ

కార్డు మీద పెద్ద అక్షరాల్లో నెలలు ఉంటాయి. అందులో కొన్ని నెలలే ఉచిత మార్పిడి, మిగతావి ప్రోరేటా, అంటే తగ్గింపు మాత్రమే. ఆ తగ్గింపును చాలాసార్లు ఎమ్మార్పీ మీద లెక్కగడతారు. బజార్లో అంతకన్నా తక్కువకే దొరుకుతుంది కాబట్టి చివరికి మనకు మిగిలేది నామమాత్రం. అందుకే ఉచిత నెలలెన్నో అడిగి కొనండి. బిల్లు లేకుండా కొనవద్దు. గ్యారంటీ ఎగ్గొడితే 1915 నంబరుకు ఫోన్ చేయండి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 5 లక్షల లోపు విలువ ఉన్న కేసుకు అక్కడ ఫీజు లేదు.

పాత బ్యాటరీ తుక్కు కాదు. దాని బరువులో సగానికి పైగా సీసమే. తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారులదే. తూకం వేయించి, ధర బిల్లులో రాయించండి. యాసిడ్ కాలువలో పారబోస్తే ఆ సీసం తిరిగి మన మళ్లలోకే వస్తుంది.

పన్నులో వివక్ష

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, వెనక టైర్ల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. రేడియేటర్, క్లచ్, సైలెన్సర్ కూడా 5 శాతంలోకి వచ్చాయి. బ్యాటరీ మాత్రం 28 నుంచి 18 దగ్గర ఆగిపోయింది. 6,000 రూపాయల బ్యాటరీ మీద పన్ను 1,080. ట్రాక్టర్ పన్నే దీనికీ వేస్తే 300. వ్యాపారి కట్టిన పన్నును లెక్కలో తిరిగి రాబట్టుకుంటాడు. జీఎస్టీ నమోదు లేని రైతుకు ఆ దారి లేదు. బ్యాటరీ లేకుండా ట్రాక్టర్ ఎలా నడుస్తుందో ఢిల్లీ పెద్దలే చెప్పాలి.

ట్రాక్టర్ లేని కౌలు రైతుకు ఈ గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. బ్యాటరీ ఖర్చు, టైరు ఖర్చు, డీజిల్ ఖర్చు అన్నీ కలిసే దమ్ము కిరాయి అవుతుంది. ఆ కిరాయి కట్టేది కౌలు రైతే. కాబట్టి ఇది అందరి సమస్య.

మన డిమాండ్లు:

1. ట్రాక్టర్ బ్యాటరీలను కూడా 5 శాతం జీఎస్టీలోకి తేవాలి.
2. తయారైన నెల, సంవత్సరం కోడ్‌లో కాకుండా అందరూ చదివేలా బ్యాటరీ మీదే ముద్రించాలి. 40 డిగ్రీల వేడిలో పరీక్షించిన ఆయుష్షు కూడా రాయాలి.
3. గ్యారంటీ షరతులు తెలుగులో ఇవ్వాలి. ప్రోరేటా లెక్క రైతు కట్టిన బిల్లు ప్రకారం జరగాలి.
4. ప్రతి రైతు సేవా కేంద్రంలో హైడ్రోమీటరు, వోల్టు మీటరు, డిస్టిల్డ్ వాటర్ అందుబాటులో ఉంచాలి.

తిరుపతి పక్కన కరకంబాడిలో బ్యాటరీలు తయారవుతున్న రాష్ట్రం మనది. మన ఎండ కంపెనీలకు తెలియనిది కాదు. అడిగేవాళ్లు లేక చెప్పడం లేదు. వచ్చే గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ నాలుగు డిమాండ్ల మీద తీర్మానాలు చేసి తహసీల్దార్లకు ఇద్దాం. మీ ఊళ్లో గ్యారంటీ తిరస్కరించిన బిల్లులు, కార్డులు ఉంటే నకళ్లు సంఘం ఆఫీసులో ఇవ్వండి. అన్నీ కలిపి కలెక్టర్ ముందు పెడదాం.