రంగు కింద బండి

ఈ సంచిక ముఖచిత్రం మీదున్నది షెవ్రోలే పికప్పు. 1947లో అమెరికా రోడ్ల మీదికొచ్చిన ‘అడ్వాన్స్ డిజైన్’ వరస బండి. గుండ్రటి బానెట్టు, ఉబ్బిన మడ్‌గార్డులు, వెనక తొట్టిలో చెక్క పలకల నేల. ఇలాంటివాటిని అక్కడ చాలామంది ఇంటి గ్యారేజీలోనే విప్పి, బాగుచేసి, తమకు నచ్చినట్టు మార్చుకుంటారు.

చూసేవాళ్లు రంగునే మెచ్చుకుంటారు. చాకిరీ అంతా దాని కిందే. క్యాబిన్ మూలల్లో తుప్పు తిన్న రేకు కోసి కొత్తది వెల్డింగ్ చెయ్యాలి. పుట్టీతో పూడిస్తే నాలుగు వానలకే బయటపడుతుంది. 6 వోల్టుల వైరింగు పీకేసి 12కు మారుస్తారు. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది బ్రేకు. అప్పటి మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది. ఏ గొట్టం కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోయినట్టే. రెండు గదుల సిలిండరు, ముందు చక్రాలకు డిస్కులు పెడితే పాతదనం చెడిందని సణిగేవాళ్లున్నారు. సణగనివ్వండి. 1949 నుంచి పెట్రోలు ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనకే ఉండేది. దాన్ని తొట్టి కిందికి మార్చుకున్నవాణ్ణి ఎవరు తప్పుపడతారు?

ఇంజను మాత్రం పాత ఆరు సిలిండర్లదే ఉంచాలా, వీ-ఎయిట్ ఎక్కించాలా? లోపలి పేజీల్లో ఇద్దరు వ్యాసకర్తలు దీని మీదే పోట్లాడుకున్నారు. మేం మధ్యలో వేలు పెట్టలేదు.