ర్యాంకు ఇచ్చే వైద్యం, ఊరు అడిగే వైద్యం

డాక్టర్ కావాలనుకునే పిల్లలు మన దేశంలో రెండు పెద్ద పరీక్షలు దాటాలి. డాక్టర్ అవుతారా లేదా అన్నది మొదటిదానితో తేలుతుంది. ఏ డాక్టర్ అవుతారన్నది రెండోదానితో తేలుతుంది. మొదటి నీట్ గురించి దేశమంతా చర్చిస్తుంది. రెండోది, అంటే పీజీ నీట్, విద్యార్థులూ వారి ఇంటివాళ్లూ తమలో తాము పడే బాధగానే మిగిలిపోతోంది. నిజానికి ఏ జిల్లాలో ఏ రోగికి ఎవరు వైద్యం చేస్తారో నిర్ణయించేది ఈ రెండోదే. ఆ సంగతి అండమాన్‌లో తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదు.

పోర్ట్‌బ్లెయిర్ శివార్లలోని బ్రూక్షాబాద్‌నే తీసుకోండి. (ఆ నగరం పేరును 2024 సెప్టెంబరులో కేంద్రం శ్రీ విజయపురంగా మార్చింది.) ఒకప్పుడు ఇక్కడి విద్యార్థి ఎంబీబీఎస్ చదవాలంటే కేంద్ర కోటాలో ద్వీపాలకు దక్కే కొద్దిపాటి సీట్ల కోసం ఎదురుచూడాలి, లేదా సొంత ఖర్చుతో సముద్రం దాటాలి. 2015లో అండమాన్ నికోబార్ వైద్య విజ్ఞాన సంస్థ 100 సీట్లతో మొదలయ్యాక పరిస్థితి మారింది. గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి దానికి బోధనాసుపత్రి అయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 50 వేల పైచిలుకు, అంటే జనాభాలో 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవారి పిల్లలకూ మనవలకూ ఇంటి దగ్గరే డాక్టరీ చదివే అవకాశం దక్కింది.

అయితే ఎంబీబీఎస్ పట్టాతో చదువు ముగిసిందని ఇప్పుడెవరూ అనుకోవడం లేదు. వంద మందికీ ద్వీపాల్లోనే పీజీ సీటు దొరికే పరిస్థితి లేదు. కాబట్టి ప్రయాణం మళ్లీ చెన్నైకో, విశాఖకో, ఢిల్లీకో. కౌన్సెలింగ్‌లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. మొదటి వరుస ర్యాంకులు రేడియాలజీ, జనరల్ మెడిసిన్, చర్మవ్యాధుల విభాగాలను ఎగరేసుకుపోతాయి. తర్వాతివారికి మిగిలినవాటిలో ఒకటి. చివరికి అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ సీట్లు అడిగేవారు లేక ఉండిపోతాయి. సీట్లు వృథా అవుతున్నాయని 2023 సెప్టెంబరులో అర్హత పర్సెంటైల్‌ను సున్నాకు దించాల్సి వచ్చింది.

విద్యార్థిని తప్పుపట్టి లాభం లేదు. రేడియాలజిస్టుకు అర్ధరాత్రి పిలుపులు తక్కువ, చర్మవైద్యుడికి అత్యవసర కేసులు తక్కువ. కాన్పుల డాక్టర్‌కు నిద్ర ఉండదు, ఏదైనా తేడా వస్తే బంధువుల దాడి భయం అదనం. పదేళ్లు పుస్తకాలతో కుస్తీ పట్టిన యువతి కాస్త కుదురైన జీవితం కోరుకుంటే అది నేరం కాదు.

కానీ ద్వీపం లెక్క వేరు. కార్ నికోబార్ పోర్ట్‌బ్లెయిర్‌కు 250 కి.మీ.కు పైగా దూరం. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే సుమారు 500 కి.మీ. అక్కడ కాన్పు అడ్డం తిరిగితే ఓడ కోసమో హెలికాప్టర్ కోసమో చూడాలి. వాతావరణం బాగోలేకపోతే రెండూ కదలవు. సిజేరియన్ చేయాలంటే కాన్పుల డాక్టర్ ఒక్కరు ఉంటే చాలదు. మత్తు డాక్టర్ కావాలి, బిడ్డను చూసే డాక్టర్ కావాలి, రక్తం సిద్ధంగా ఉండాలి. మత్తు ఇచ్చేవారు లేని చోట సర్జన్ ఎంత నిపుణుడైనా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఇది ద్వీపాల బాధ మాత్రమే కాదు. 2022 మార్చి నాటి కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలో గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకు కావాల్సిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరు.

ఎవరూ అడగని విభాగాల విలువ కూడా ఈ ద్వీపాలే చూపించాయి. 1988 నుంచి ఉత్తర అండమాన్‌లో అంతుచిక్కని జ్వరం వచ్చేది. ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై రోగులు చనిపోయేవారు. దాన్ని అండమాన్ రక్తస్రావ జ్వరం అన్నారు. అది లెప్టోస్పైరోసిస్ అనీ, ఎలుకలు, పశువుల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా సోకుతుందనీ 1990లలో తేల్చింది పోర్ట్‌బ్లెయిర్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ పరిశోధన కేంద్రం. సకాలంలో గుర్తిస్తే పెన్సిలిన్ లాంటి చవక మందులతో నయమయ్యే జబ్బు అది. ఆ గుట్టు విప్పింది మైక్రోస్కోపులూ రక్తపరీక్షలూ ఊరూరా సర్వేలూ. పీజీ కౌన్సెలింగ్‌లో వెనక బెంచీకి నెట్టేసే మైక్రోబయాలజీ, కమ్యూనిటీ మెడిసిన్ చేసే పని ఇదే.

అండమాన్ తెలుగువారిలో చాలామందికి పుట్టిల్లయిన శ్రీకాకుళం జిల్లాదీ ఇలాంటి కథే. ఉద్దానం కిడ్నీ రోగుల కోసం 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. భవనం రెండు మూడేళ్లలో లేస్తుంది. నెఫ్రాలజిస్టు తయారు కావాలంటే ఎంబీబీఎస్, ఎండీ, డీఎం కలిపి పదకొండేళ్లు దాటుతుంది. ఇవాళ్టి ఇంటర్ విద్యార్థి ఆ దారి పట్టాలంటే పలాస మాట ఎవరో ఒకరు ముందే చెవిన వేయాలి.

మరి ఏం చేయాలి? స్థానికులకు పీజీ సీట్లు ప్రత్యేకించాలన్న డిమాండు వినడానికి బాగుంటుంది. కానీ నివాసం ఆధారంగా పీజీ వైద్య సీట్లు కేటాయించడం రాజ్యాంగ విరుద్ధమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. రెండు తలుపులు మాత్రం తెరిచే ఉన్నాయి. ఒకటి, కళాశాల తన సొంత విద్యార్థులకు పరిమితంగా ఇచ్చే ప్రాధాన్యం. రెండోది, ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు కోటా. దీన్ని కల్పించే అధికారం రాష్ట్రాలకుందని 2020 ఆగస్టులో ఇదే కోర్టు చెప్పింది. ఈ రెండూ ఉపయోగపడాలంటే ముందు ద్వీపాల్లో తగినన్ని పీజీ సీట్లుండాలి. అదీ ఏ విభాగాల్లో? కాన్పులు, మత్తు, పిల్లల వైద్యం, జనరల్ సర్జరీ, కమ్యూనిటీ మెడిసిన్. వాటికి అధ్యాపకులను రప్పించడం, నిలబెట్టడం ఢిల్లీ బాధ్యత.

ఈలోగా చేయగలిగిన పనులూ ఉన్నాయి. ఎంబీబీఎస్ డాక్టర్లకు కొన్ని నెలల శిక్షణతో అత్యవసర మత్తు ఇవ్వడం నేర్పే పథకం దేశంలో ఎప్పటినుంచో ఉంది. దూర ద్వీపాల డాక్టర్లకు అందులో మొదటి పీట వేయాలి. ఒక్క డాక్టర్‌నే ఏడాదంతా 24 గంటల డ్యూటీకి కట్టేయకుండా ఇద్దరిని వంతులవారీగా పంపాలి. ఇంటర్న్‌షిప్‌లో కొన్ని వారాలు మాయాబందర్‌లోనో కార్ నికోబార్‌లోనో గడపనివ్వాలి. పేగు మెడకు చుట్టుకున్న బిడ్డను బతికించిన రాత్రి ఏ విభాగం విలువెంతో కౌన్సెలింగ్ పట్టికకన్నా బాగా చెబుతుంది.

బ్రూక్షాబాద్ విద్యార్థిని రేడియాలజీ తీసుకున్నా తప్పు లేదు. ద్వీపాలకు ఎక్స్‌రే చదివేవారూ కావాలి. కానీ ఆమె ఆప్షన్లు నింపేటప్పుడు ముందున్న కాగితంలో గత ఏడాది ముగింపు ర్యాంకులు మాత్రమే ఉంటున్నాయి. ఏ ద్వీపంలో ఏ డాక్టర్ లేరో చెప్పే జాబితా కూడా పాలనాయంత్రాంగం ఏటా ఆమె చేతికివ్వాలి. దానికి చట్టం అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు.