కథ కాని పుస్తకాన్ని చదవడం ఎలా?

కథలు, నవలలు చదివే విద్యార్థులు మన కళాశాలలో తక్కువేమీ కాదు. చరిత్ర, స్వీయచరిత్ర, శాస్త్రవిషయక గ్రంథాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వెనుకంజ వేస్తారు. తీసుకొన్నవారు సైతం నవలను చదివినట్లే ఏకబిగిన చదివి, పరీక్షకు పనికివచ్చే నాలుగు తేదీలు ఏరుకొని, పుస్తకం మూసివేస్తారు. దీనిని పఠనమని మేము అంగీకరించలేము.

సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’నే తీసుకొందాం. 1949లో వెలువడి, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన గ్రంథమిది. ప్రజలు ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలాడారు అన్న సంగతులను ఆయన ఇందులో వివరించారు. ఇవన్నీ ఆయనకెలా తెలిశాయి? ఈ ప్రశ్న వేసుకొన్నప్పుడే అసలు పఠనం ఆరంభమవుతుంది. ‘క్రీడాభిరామము’, ‘ఆముక్తమాల్యద’ వంటి కావ్యాలే ఆయనకు చాలాచోట్ల సాక్ష్యాలు. అయితే కవి వర్ణించినది తాను కన్నదా, పూర్వకవుల మర్యాదను పాటించి అన్నదా? వానకాలంలో తడిసిన కట్టెలతో ఇల్లాలు పడే అవస్థను చెప్పిన ‘ఆముక్తమాల్యద’ పద్యానికీ, ప్రబంధాలలో ఆనవాయితీగా వచ్చే పురవర్ణనకూ చరిత్రలో ఒకే విలువ ఇవ్వరాదు. ఈ తూకం రచయిత వేశాడులే అని ఊరకుండక, చదువరి కూడా వేసుకోవాలి. ఎంతటి పెద్దల గ్రంథమైనా సరే.

పీఠికలను దాటవేయడం మరొక దురభ్యాసం. మౌలానా ఆజాద్ ‘ఇండియా విన్స్ ఫ్రీడం’ చూడండి. ఆయన ఉర్దూలో చెప్పగా హుమాయూన్ కబీర్ ఆంగ్లంలో వ్రాశారు. 1959లో అచ్చయిన ప్రతిలో ముప్పది పుటలు లేవు. అవి 1988లో గాని వెలుగు చూడలేదు. తమ చేతిలో ఉన్నది ఏ ప్రతియో ఎరుగక, ఆజాద్ అభిప్రాయమిదే అని వాదానికి దిగేవారిని ఏమనాలి!

మన విద్యార్థులలో అనేకులు ఇంట ఉర్దూ మాట్లాడి, తరగతిలో తెలుగు విని, ఆంగ్ల గ్రంథం చదువుతారు. ఇది లోపమని కొందరంటారు, మేమట్లు తలచము. ఒక అధ్యాయం పూర్తికాగానే పుస్తకం మూసి, దాని సారాన్ని ఇంటి భాషలో పది వాక్యాలుగా వ్రాసి చూడండి. అర్థంకాని చోట కలం ఆగిపోతుంది. ఆంగ్ల వాక్యాన్ని ఆంగ్లంలోనే ఎత్తి వ్రాసుకొన్నవానికి తన అజ్ఞానం పరీక్షనాడు గాని బయటపడదు.

ఇందుకు వ్యవధి కావాలి. వారంలో తిరిగి ఇవ్వవలసిన పుస్తకాన్ని ఎవరూ ఇట్లు చదవలేరు. ఇటువంటి గ్రంథాలకైనా గడువును నెలకు పెంచవలసిందని, గైడ్ల కొనుగోలుకు వెచ్చించే సొమ్ములో కొంత ఉర్దూ, తెలుగు నిఘంటువులకు మళ్ళించవలసిందని కళాశాల కమిటీవారిని కోరుతున్నాము.