కఫీల్ గారి సింహానికి మనవాళ్ల కాపలానా?

గల్ఫ్‌లో డబ్బున్న కొన్ని ఇళ్లలో సింహం, చిరుత పెంచుకోవడం ఒక హోదా. ఫోటోలో పక్కన నిలబడేది యజమాని. పొద్దున్నే కోళ్లు కోసి వేసేది, బోను కడిగేది, పెంట ఎత్తేది ఇంటి పని వీసా మీదో, మజ్రా వీసా మీదో వచ్చిన పరదేశి కూలీ. ఆ వీసాల మీద మన కడప, గోదావరి, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. డ్రైవర్ అని పిలిపించి జంతువు బోను దగ్గర నిలబెడితే కాదనే ధైర్యం ఎంతమందికి వుంటుంది?

మేము సైటుల్లో పని చేసేవాళ్లం. హెల్మెట్ లేకపోతే గేటు దాటనివ్వరు, సేఫ్టీ బెల్టు లేకపోతే పరంజా ఎక్కనివ్వరు. గొయ్యిలోకి దిగాలన్నా పర్మిట్ కావాలి. నూట యాభై కిలోల మృగం వున్న బోనులోకి దూరే మనిషికి మాత్రం ఏ పర్మిటూ లేదు, చేతికి గ్లవ్స్ కూడా వుండవు. కూనగా వున్నప్పుడు పిల్లిలా ఒళ్లో పడుకుంటుంది. పెద్దదయ్యాక దాని బుద్ధి దానిదే. 2021 ఏప్రిల్‌లో రియాద్‌లో ఒక యువకుణ్ని అతను పెంచుకున్న సింహమే చంపేసింది. పెంచినవాణ్నే వదలనిది, జీతానికి మేత వేసేవాణ్ని వదులుతుందా?

చట్టం లేక కాదు. యు.ఎ.ఇ.లో 2016 నాటి 22వ నంబరు ఫెడరల్ చట్టం ప్రకారం ఇలాంటి క్రూరమృగాల్ని ఇళ్లలో పెంచకూడదు. జూలు, పార్కులు, పరిశోధన కేంద్రాల వంటి వాటికే అనుమతి. తప్పితే జైలు, 5 లక్షల దిర్హాముల దాకా జరిమానా. సౌదీలో అంతరించే జాతుల విషయంలో శిక్ష పదేళ్ల జైలు, 3 కోట్ల రియాళ్ల దాకా వుంది. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్ల చేత ప్రమాదకరమైన పని చేయించవద్దంటుంది. ఈ సంగతి ఊళ్లో వీసా అమ్మే ఏజెంటు ఎందుకు చెప్తాడు?

పంజా దెబ్బ కంటికి కనపడుతుంది, రోగం కనపడదు. కోతి, నక్క, చిరుత ఏది కరిచినా రేబిస్ భయం వుంది. ఆ జబ్బు లక్షణాలు మొదలయ్యాక బతికేవాళ్లు లేనట్టే. కరిచిన వెంటనే సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ల కింద పావుగంట కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోవాలి, చెప్పిన తేదీల్లో అన్ని డోసులూ వేయించుకోవాలి. "కుక్క కరిచిందని చెప్పు, సింహం మాట ఎత్తకు" అని కఫీల్ అంటే వినొద్దు. ఏ జంతువో తెలిస్తేనే డాక్టరు సరైన మందు ఇవ్వగలడు.

మన క్యాంపు గదుల సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. పక్షుల మార్కెట్లో చవగ్గా వచ్చిందని తాబేలునో, కోతిపిల్లనో తెచ్చి మంచం కింద పెట్టుకునేవాళ్లున్నారు. ఎనిమిది మంది వండుకుని తినే గదిలో తాబేలు నీళ్లు సింకులో పోస్తే సాల్మొనెల్లా సోకి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఒంటరితనం మాకూ తెలుసు. దానికి కోతిపిల్ల మందు కాదు.

బోను దగ్గర పని చెప్తే ముందే రాయబార కార్యాలయానికి తెలపాలి. ఒంటరిగా వెళ్లి అడగలేనివాళ్ల వెంట మన తెలుగు సంఘాలవాళ్లు వెళ్లాలి. ఉగాది సభకు హాలు బుక్ చేసే ఓపిక వున్నవాళ్లు, సెలవు రోజు ఒక పూట మజ్రాల వైపు వెళ్లి మనవాళ్లు ఏ పనిలో వున్నారో కనుక్కోలేరా?