జనవరి 26న ఇంకొక వేదిక



జనవరి 26న మనము జెండా వందనము చేస్తుండగా, ఆస్ట్రేలియాలో చాలా పట్టణములలో స్థానిక కౌన్సిళ్లు ఊరికి సేవచేసినవారిని సన్మానించి, ఆ వేదికమీదనే కొత్త పౌరులచేత ప్రమాణము చేయిస్తాయి. దేవుని పేరుతో ఒకటి, ఆ పేరు లేకుండా ఒకటి, ప్రమాణములు రెండున్నవి. ఎవరికి తగినది వారు పలుకుతారు.

ఆ వరుసలో మన తెలుగు బిడ్డలూ ఉంటారు. ప్రమాణముతో వారి భారత పౌరసత్వము పోతుంది. మన 1955 చట్టము ద్వంద్వ పౌరసత్వమును ఒప్పుకొనదు. అదీ గణతంత్ర దినమునాడే! కన్నవారికి కష్టముగానే ఉంటుంది.

ఆ దినము అక్కడందరికీ పండుగ కాదు. 1788లో బ్రిటిషువారు దిగిన దినమని ఆదివాసులలో అనేకులు దుఃఖిస్తారు. 1938లోనే సిడ్నీలో సంతాపదినము పాటించారు.

పిల్లలు ఫోను చేస్తే పాస్‌పోర్టు సంగతే అడుగుతున్నాము. ఆ సన్మానము ఎవరికి, ఏ సేవకు దొరికినదో కూడ అడుగుదాము.